గుంటూరు, విజయవాడ ప్రాంతాల్లో బయోమాస్ విద్యుత్ కేంద్రం: ప్రభుత్వ సాయానికి, పర్యావరణ అనుమతికి ఏ క్రమంలో వెళ్లాలి

పత్తి, మిరప కోతలు ముగిశాక గుంటూరు, పల్నాడు జిల్లాల చేలల్లో పీకి కుప్పపోసిన కట్టెకు నిప్పు పెట్టడం ఏటా కనిపించేదే. నందిగామ, జగ్గయ్యపేట వైపు సుబాబుల్, జామాయిల్ తోటలు వేసిన రైతులు కాగితపు మిల్లులు చెప్పే ధర కోసం ఎదురుచూడడమూ ఏటా ఉన్నదే. ఈ రెండింటినీ ఒకచోట మండించి కరెంటు తీసే కేంద్రం, అంటే బయోమాస్ కేంద్రం, పెట్టవచ్చు కదా అనే ఆలోచన రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు, రైస్ మిల్లుల యజమానులకు తరచుగా వస్తుంటుంది. ఆ ఆలోచనను కాగితం మీదికి తెచ్చి, ప్రభుత్వ సాయానికి, పర్యావరణ అనుమతులకు దరఖాస్తు చేయదలచినవారి కోసం ఈ వివరణ రాస్తున్నాను. ఎక్కువ మంది రాయితీ ఎంత వస్తుందన్న ప్రశ్నతో మొదలుపెడతారు. ఏడాదికి ఎన్ని టన్నుల ఇంధనం, ఎక్కడి నుంచి, ఏ ధరకు వస్తుందన్న ప్రశ్నతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం, ఎందుకంటే బ్యాంకు, కాలుష్య నియంత్రణ మండలి, విద్యుత్ పంపిణీ సంస్థ మిమ్మల్ని అడిగే ప్రతి వివరమూ చివరకు ఆ ఒక్క అంకె మీదే ఆధారపడుతుంది.

మొదటి పని: ఇంధనం లెక్క

కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ బయోమాస్ కేంద్రాల ధర నిర్ణయానికి వాడే ప్రమాణాల ప్రకారం ట్రావెలింగ్ గ్రేట్ బాయిలర్ (ఇంధనం కదిలే జల్లెడ మీద మండేది) ఉన్న కేంద్రం ఒక యూనిట్ ఉత్పత్తికి 4,200 కిలో కేలరీల ఉష్ణం వాడుతుంది, కిలో ఇంధనంలో 3,100 కిలో కేలరీలు ఉంటాయి. అంటే యూనిట్‌కు దాదాపు 1.35 కిలోల ఇంధనం కావాలి. 6 మెగావాట్ల కేంద్రం 80 శాతం సామర్థ్యంతో నడిస్తే ఏడాదికి సుమారు 4 కోట్ల 20 లక్షల యూనిట్లు ఉత్పత్తి చేస్తుంది, దానికి 57 వేల టన్నుల ఇంధనం పడుతుంది. లోడుకు 10 టన్నుల చొప్పున లెక్కించినా ఏడాదిలో ప్రతిరోజూ 15, 16 లారీలు గేటు లోపలికి రావాలి. పత్తి కట్టెను విడిగా ఎత్తితే బరువు కన్నా ముందు లారీ నిండిపోతుంది కాబట్టి, పొలం దగ్గరే ముక్కలు కొట్టించకపోతే ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది.

ఈ లెక్క వేసేటప్పుడు మండలంలో సాగైన విస్తీర్ణాన్ని ఎకరానికి వచ్చే కట్టెతో గుణించి, వచ్చినదంతా మనదే అనుకోవడం పెద్ద పొరపాటు. వరిగడ్డి పశువులకు పోతుంది. ఊకను రైస్ మిల్లులే తమ బాయిలర్లలో వాడుకుంటాయి, మిగిలిన దానికి ఇటుక బట్టీలు, ఇతర పరిశ్రమలు ముందే బేరం పెట్టుకుని ఉంటాయి. సుబాబుల్, సరుగుడు, జామాయిల్ కర్రకు కాగితపు పరిశ్రమ పోటీ ఉంది. మిరప కట్టె, పత్తి కట్టె, మొక్కజొన్న బెండ్లు మాత్రమే నిజంగా మిగులు అనదగినవి, అవి కూడా వేసవిలో మూడు నాలుగు నెలల పాటే దొరుకుతాయి. కాబట్టి ప్రతి రకానికీ ఎంత పండుతుంది, ఇప్పుడు ఎవరు వాడుతున్నారు, ఏ నెలల్లో దొరుకుతుంది, ఎంత తేమతో వస్తుంది, గేటు దగ్గరికి చేరేసరికి ఎంత ధర పడుతుంది అన్న ఐదు విషయాలను ఊరివారీగా రాయించండి. జూన్ నుంచి అక్టోబరు దాకా వానల్లో తడవకుండా నిల్వ చేసే ఖర్చును ఆ ధరలో కలపండి.

సొంతంగా తోట పెంచి ఇంధనం తెచ్చుకుందామనుకునేవారికి ఒక మాట. సుబాబుల్, సరుగుడు నరకడానికి రావాలంటే మూడు నాలుగేళ్లు పడుతుంది, అప్పుడే నరికిన కర్రలో సగం దాకా నీరే ఉంటుంది. కేంద్రం మొదలైన నాటికి మొదటి కోత చేతికి రావాలంటే రైతులతో ఒప్పందాలు అనుమతుల దరఖాస్తుల కన్నా ముందే జరగాలి. ఆ ఒప్పందంలో టన్ను ధరను తేమ శాతంతో ముడిపెట్టి రాయండి, లేకపోతే తూకం దగ్గర గొడవలు తప్పవు. కాలువ కింద వరి పండే మాగాణిని తోటకు మార్చమని అడగడం కన్నా మెట్ట భూములకు పరిమితం కావడం మంచిది. ఆహార పంట తగ్గుతుందన్న అభ్యంతరం ప్రజాభిప్రాయ సేకరణలో వచ్చినప్పుడు చెప్పడానికి మీ దగ్గర సమాధానం ఉంటుంది.

ఇంధనం ధర ఎంత ప్రభావం చూపుతుందో ఒక ఉదాహరణ చూడండి. టన్ను 3,000 రూపాయలకు దొరికితే యూనిట్‌కు ఇంధనం ఖర్చే 4 రూపాయల 5 పైసలు. కేంద్రం సొంత అవసరాలకు పదో వంతు కరెంటు పోతుంది కాబట్టి, అమ్మే యూనిట్‌కు అది నాలుగున్నర రూపాయలవుతుంది. టన్నుకు 500 పెరిగితే అమ్మే యూనిట్‌పై మరో 75 పైసలు పడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 తరువాత వెలసిన చిన్న కేంద్రాల ఉత్పత్తిదారులకూ ప్రభుత్వ విద్యుత్ సంస్థ ట్రాన్స్‌కోకూ మధ్య కొనుగోలు ధరపై నడిచిన వివాదం 2010 జులైలో సుప్రీంకోర్టు తీర్పు దాకా వెళ్లింది. ఆ చరిత్ర తెలిసిన బ్యాంకు అధికారి మొదట అడిగేది ఇంధనం ఒప్పందాలనే.

రెండో పని: మీ కేంద్రం ఏ పథకం కిందికి వస్తుందో తేల్చుకోవడం

ఇక్కడే చాలా మంది నిరాశపడతారు. కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ 2022 నవంబరులో ప్రకటించిన జాతీయ బయో ఎనర్జీ కార్యక్రమం 2021-22 నుంచి 2025-26 ఆర్థిక సంవత్సరం వరకు ఉద్దేశించింది. మొత్తం 1,715 కోట్ల రూపాయల వ్యయ అంచనాలో మొదటి దశకు 858 కోట్లు కేటాయించారు. అందులోని బయోమాస్ విభాగం పెట్టుబడి సాయాన్ని బయోమాస్‌ను ఒత్తి చేసే బ్రికెట్ (దిమ్మ), పెల్లెట్ (గుళిక) తయారీకి, పరిశ్రమల్లో చెరకు పిప్పి కాకుండా వేరే బయోమాస్‌తో ఆవిరినీ కరెంటునూ కలిపి ఉత్పత్తి చేసే కోజనరేషన్‌కు ఇస్తుంది. ఉత్త కరెంటు తీసి గ్రిడ్‌కు అమ్మే కేంద్రానికి ఈ విభాగంలో పెట్టుబడి రాయితీ లేదు. ఈ ఒక్క సంగతి తెలియక ప్రాజెక్టు నివేదికలో రాయితీని ఆదాయంగా చూపించి, ఆ తరువాత మొత్తం లెక్క తిరగరాసుకోవలసి రావడం అరుదేమీ కాదు.

కోజనరేషన్‌కు స్థాపిత సామర్థ్యంలో మెగావాట్‌కు 40 లక్షల రూపాయలు, ప్రాజెక్టుకు గరిష్ఠంగా 5 కోట్లు. ఆవిరి అవసరం ఉన్న బాయిల్డ్ రైస్ మిల్లు, నూనె శుద్ధి కర్మాగారం, స్పిన్నింగ్‌తో పాటు అద్దకం కూడా ఉన్న మిల్లు వంటివి ఈ దారిలో ఆలోచించవచ్చు. బ్రికెట్ ప్లాంటుకు గంటకు టన్ను సామర్థ్యానికి 9 లక్షల చొప్పున 45 లక్షల దాకా వస్తుంది. మామూలు పెల్లెట్లకు ఆ సాయాన్ని 2024లో గంటకు టన్నుకు 21 లక్షలకు, గాలి అందకుండా వేయించి చేసే టోరిఫైడ్ పెల్లెట్లకు 42 లక్షలకు పెంచారు. ప్రాజెక్టుకు గరిష్ఠ పరిమితులు వరుసగా కోటి 5 లక్షలు, 2 కోట్ల 10 లక్షలు. ఇదే కార్యక్రమంలోని వ్యర్థాల నుంచి ఇంధనం విభాగం కింద బయోమాస్‌ను గ్యాసుగా మార్చే చిన్న గ్యాసిఫయర్‌కు పూర్తిగా గ్యాసుతో నడిచే ఇంజిన్ ఉంటే కిలోవాట్‌కు 15,000, డీజిలుతో కలిపి నడిచేదైతే 2,500 రూపాయలు ఇస్తారు. మీరు దరఖాస్తు చేసే నాటికి పథకం గడువు ముగిసి ఉంటే కొనసాగింపు ఉత్తర్వును చూశాకే ఈ అంకెలను నివేదికలో రాయండి.

నా దృష్టిలో ఈ ప్రాంతానికి పెల్లెట్ దారి విద్యుత్ కేంద్రం కన్నా తక్కువ ప్రమాదంతో కూడినది. బొగ్గుతో నడిచే థర్మల్ కేంద్రాలు బయోమాస్ పెల్లెట్లను బొగ్గులో కలిపి మండించాలని కేంద్ర విద్యుత్ శాఖ విధానం చెబుతోంది, 2023లో ఆ వాటాను 2024-25కి 5 శాతం, 2025-26 నుంచి 7 శాతంగా పెట్టింది, తరువాత సవరించింది. విజయవాడ పక్కనే ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రం ఉంది. అది టెండరు పిలిచినప్పుడు కావలసిన నాణ్యతతో, కావలసిన పరిమాణంలో ఇవ్వగలరా అన్నది వేరే లెక్క. అయినా బాయిలర్, టర్బైన్, విద్యుత్ కొనుగోలు ఒప్పందం అనే మూడు బరువులు తప్పుతాయి.

పెట్టుబడి రాయితీ లేని కేంద్రానికి మిగిలేది రుణం వైపు వెసులుబాటు. బయోమాస్ విద్యుత్ ఉత్పత్తిదారులకు బ్యాంకులు ఇచ్చే రుణం 35 కోట్ల రూపాయల వరకు ప్రాధాన్య రంగ రుణంగా లెక్కకు వస్తుందని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అంతకు ముందు ఆ పరిమితి 30 కోట్లు. ఇది వడ్డీ తగ్గింపు కాదు, బ్యాంకుకు మీ దరఖాస్తు మీద ఆసక్తి కలిగించే కారణం మాత్రమే. కట్టె సేకరణ, నిల్వ భాగాన్ని రైతు ఉత్పత్తిదారుల సంఘం పేర విడిగా పెడితే వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద 2 కోట్ల వరకు రుణంపై ఏడేళ్ల పాటు 3 శాతం వడ్డీ రాయితీకి అర్హత ఉంటుందేమో మీ బ్యాంకు శాఖలో అడగండి. రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం కింద దొరికే మినహాయింపుల కోసం తాడేపల్లిలోని రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ నెడ్‌క్యాప్ కార్యాలయాన్ని సంప్రదించాలి.

మూడో పని: స్థలం

ఇంధనం దొరికే ఊళ్లకు మధ్యలో, 33 కేవీ సబ్‌స్టేషన్‌కు దగ్గరగా, నీటి ఆధారం ఉన్న చోటు వెతకండి. ఈ మూడింటిలో నీటినే జనం తక్కువ అంచనా వేస్తారు. కృష్ణా కాలువల నుంచి తీసుకోవాలంటే జలవనరుల శాఖ అనుమతి కావాలి, బోరు వేయాలంటే నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం వర్తిస్తుంది. కాలువలు కట్టేసే వేసవి నెలల్లో ఏం చేస్తారన్న ప్రశ్నకు చెరువులో నిల్వ చేస్తామని గాని, ఆవిరిని నీటితో కాక గాలితో చల్లబరిచే కండెన్సర్ పెడతామని గాని స్పష్టమైన జవాబు ఉండాలి. గాలి కండెన్సర్‌కు ఖర్చు ఎక్కువే, పైగా కొంత కరెంటు దానికే పోతుంది. పల్నాడు మెట్ట ప్రాంతంలో మాత్రం నీటి అనుమతి కోసం తిరగడం కన్నా అదే నయమనిపిస్తుంది.

స్థలం రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) పరిధిలో ఉంటే భూ వినియోగ మండలం ఏదో చూసుకోకుండా అడ్వాన్సు ఇవ్వకండి. తిరువూరు, జగ్గయ్యపేట వైపు తెలంగాణ సరిహద్దుకు ఎన్ని కిలోమీటర్ల దూరమో కూడా కొలిపించండి. దీనికి కారణం కింద వస్తుంది.

నాలుగో పని: పర్యావరణ అనుమతి అవసరమా కాదా

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన, దానికి తరువాత వచ్చిన సవరణల ప్రకారం 15 మెగావాట్ల వరకు ఉన్న బయోమాస్ విద్యుత్ కేంద్రానికి ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. అయితే సహాయక ఇంధనంగా బొగ్గు, లిగ్నైట్, పెట్రోలియం ఉత్పత్తులు 15 శాతం దాటకూడదు. 15 కన్నా ఎక్కువ, 20 కన్నా తక్కువ మెగావాట్లయితే బీ వర్గం, రాష్ట్ర స్థాయి పర్యావరణ ప్రభావ మదింపు ప్రాధికార సంస్థ పరిశీలిస్తుంది. 20 మెగావాట్లు, ఆపైన అయితే 'ఏ' వర్గం, ఢిల్లీలోని కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ పరిశీలిస్తుంది. బీ వర్గం ప్రాజెక్టు అభయారణ్యానికో, తీవ్ర కాలుష్య ప్రాంతానికో, రాష్ట్ర సరిహద్దుకో 5 కిలోమీటర్ల లోపు ఉంటే అదీ కేంద్ర స్థాయికి వెళుతుంది. సరిహద్దు దూరం కొలిపించమన్నది అందుకే.

మినహాయింపును నమ్ముకున్నవారు ఆ 15 శాతం షరతును రోజువారీ నడకలో మరచిపోతుంటారు. వానాకాలంలో కట్టె తడిసి, బాయిలర్ ఆగిపోతుందన్న భయంతో బొగ్గు ఎక్కువ వేస్తే మీ కేంద్రం మినహాయింపు పరిధి దాటి, అనుమతి లేకుండా నడుస్తున్న పరిశ్రమ అవుతుంది. అందుచేత ప్రతి ఇంధనం తూకాన్నీ విడిగా నమోదు చేసే పుస్తకం మొదటి రోజు నుంచి ఉండాలి.

15 దాటిన ప్రాజెక్టుకు క్రమం ఇది. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు చేస్తే నిపుణుల సంఘం అధ్యయన పరిధిని నిర్ణయిస్తుంది. గుర్తింపు పొందిన సలహా సంస్థతో వానాకాలం కాని ఒక సీజను పాటు గాలి, నీరు, నేల, శబ్దం కొలిపించి ముసాయిదా నివేదిక తయారు చేయించాలి. దాని సారాంశాన్ని తెలుగులోనూ ఇవ్వాలి. తరువాత కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇచ్చి ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతుంది. కలెక్టరు గాని, అదనపు జిల్లా మేజిస్ట్రేటుకు తగ్గని అధికారి గాని అధ్యక్షత వహిస్తారు. అక్కడ వచ్చిన ప్రతి అభ్యంతరానికీ తుది నివేదికలో జవాబు ఉండాలి. తెలుగు సారాంశాన్ని ఇంగ్లీషు నుంచి యంత్రంతో తర్జుమా చేయించి ఊరివాళ్లకు పంచకండి. అర్థం కాని కాగితం చేతికి వచ్చినప్పుడు జనం ముందుగా అనుమానిస్తారు. లారీలు ఏ వీధి గుండా పోతాయి, బూడిద ఎక్కడ పోస్తారు, బోర్లు ఎండిపోతాయా అన్న మూడు ప్రశ్నలకు సూటి జవాబు ఆ సారాంశం మొదటి పుటలోనే ఉండాలి. బీ వర్గంలోనే ప్రభావం తక్కువని బీ2గా తేల్చిన ప్రాజెక్టులకు మదింపు నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ ఉండవు. అనుమతిపై అభ్యంతరం ఉన్నవారు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు 30 రోజుల్లో అప్పీలు చేయవచ్చు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు. కాబట్టి అనుమతి చేతికి వచ్చిన మర్నాడే యంత్రాలకు పెద్ద మొత్తాలు చెల్లించే తొందర వద్దు.

ఐదో పని: కాలుష్య నియంత్రణ మండలి సమ్మతులు

పర్యావరణ అనుమతి నుంచి మినహాయింపు ఉన్నవారికీ ఇది తప్పదు. నిర్మాణానికి ముందు స్థాపన సమ్మతి (సీఎఫ్‌ఈ), నడపడానికి ముందు నిర్వహణ సమ్మతి (సీఎఫ్‌ఓ) తీసుకోవాలి. 1974 నాటి నీటి చట్టం, 1981 నాటి గాలి చట్టం కింద ఇచ్చే ఈ రెండు సమ్మతులకు రాష్ట్ర సింగిల్ డెస్క్ పోర్టల్ ద్వారా దరఖాస్తు చేయవచ్చు. మండలి ప్రధాన కార్యాలయం విజయవాడలోనే ఉంది, గుంటూరులో ప్రాంతీయ కార్యాలయం ఉంది. సౌర, పవన కేంద్రాల్లా మీ కేంద్రం, పరిశ్రమల రంగుల వర్గాల్లో కాలుష్యం దాదాపు లేనివాటికిచ్చే తెలుపు వర్గంలోకి రాదు. మీది ఏ వర్గమో, సమ్మతికి గడువు ఉంటుందో లేదో ముందే అడిగి తెలుసుకోండి. 2025 నాటి మార్గదర్శకాల్లో ఆ గడువు ఎరుపు వర్గానికి 5 ఏళ్లు, నారింజకు 10 ఏళ్లుగా ఉండేది.

దరఖాస్తులో ధూళిని పట్టే పరికరం విషయంలో పొదుపు చేయకండి. విజయవాడ, గుంటూరు రెండూ గాలి కాలుష్యం తగ్గించడానికి కేంద్రం తెచ్చిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఉన్న నగరాలు. ఈ చుట్టుపక్కల కొత్త పొగ గొట్టం వస్తోందంటే అధికారులు నిశితంగా చూస్తారు, చూడాలి కూడా. పొగను సుడి తిప్పి ధూళిని వేరుచేసే ఒక్క సైక్లోన్ పరికరంతో సరిపెడతామనడం కన్నా గుడ్డ సంచులతో వడపోసే బ్యాగ్ ఫిల్టరు గాని, విద్యుత్ ఆవేశంతో ధూళిని పట్టే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటరు గాని మొదటే చూపించండి. పొగ గొట్టం ఎత్తుకు కనీసం 30 మీటర్లన్న నియమం ఉంది.

బూడిద సంగతి ఇంధనాన్ని బట్టి మారిపోతుంది. ఊక మండిస్తే బరువులో దాదాపు ఐదో వంతు బూడిద మిగులుతుంది, కర్ర అయితే అందులో కొద్ది భాగమే. 57 వేల టన్నులూ ఊకే అయితే ఏడాదికి 11 వేల టన్నులకు పైగా బూడిద. ఊక బూడిదలో సిలికా ఎక్కువ కాబట్టి సిమెంటు, ఇటుక తయారీదారులు కొంటారు. కట్టె బూడిదలో పొటాష్ ఉంటుంది, పొలానికి పనికొస్తుంది. కొనేవారి నుంచి అంగీకార పత్రం తెచ్చి దరఖాస్తుకు జతపరచండి. గడ్డి ఎక్కువ వాడదలచినవారు దానిలోని పొటాషియం, క్లోరిన్ వల్ల బాయిలర్ గొట్టాలకు మడ్డి గట్టిగా పేరుకుంటుందని యంత్రాల తయారీదారుతో ముందే మాట్లాడుకోవాలి.

ఇంధనం యార్డులో అగ్నిప్రమాద జాగ్రత్తలు, అగ్నిమాపక శాఖ అనుమతి, బాయిలర్ తనిఖీ, ఫ్యాక్టరీ లైసెన్సు, విద్యుత్ తనిఖీ అధికారి ఆమోదం ఇవన్నీ మామూలు పరిశ్రమకు ఉన్నట్టే ఉంటాయి.

ఆరో పని: కరెంటు ఎవరు కొంటారు

గుంటూరు, విజయవాడ ప్రాంతాలకు పంపిణీ సంస్థ సీపీడీసీఎల్. దాని నుంచి గ్రిడ్ అనుసంధానానికి సాధ్యత నివేదిక తీసుకోండి. కొనుగోలు ఒప్పందం కుదిరినా రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ ఆమోదం లేనిదే బ్యాంకు దానిని లెక్కలోకి తీసుకోదు. ఒప్పందంలో స్థిర ధర, ఇంధనం ధర విడివిడిగా ఉన్నాయా, ఇంధనం ధరను ఎప్పుడెప్పుడు సవరిస్తారు అన్నవి చూడండి. రెండింటినీ కలిపి ఇరవై ఏళ్లకు ఒకే అంకె రాసిన ఒప్పందం మీద సంతకం పెట్టకపోవడమే మంచిది. సొంత మిల్లు అవసరానికే వాడుకునేవారికి ఈ బాధ లేదు.

ఏడో పని: రాయితీ చేతికి రావడం

అర్హత ఉన్న ప్రాజెక్టయితే ఉత్పత్తి మొదలుకాక ముందే నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ బయో ఊర్జా పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. కేంద్రం నడిచి, నిర్ణయించిన సామర్థ్యాన్ని అందుకుందని తనిఖీలో తేలాకే సాయం విడుదలవుతుంది కాబట్టి, మొత్తం పెట్టుబడినీ రుణంతో, సొంత వాటాతో ముందే సమకూర్చుకోవాలి. వచ్చిన సాయాన్ని రుణం తగ్గింపుగా లెక్కించుకోవాలే తప్ప నిర్మాణ ఖర్చుకు నమ్ముకోకూడదు. తనిఖీ నాటికి సీఎఫ్‌ఓ, బాయిలర్ ధ్రువపత్రం, ఇంధనం తూకం పుస్తకం, మీటరు లెక్కలు ఒకే ఫైలులో ఉంచండి. ప్రాజెక్టు నివేదికలో 57 వేల టన్నులు, సీఎఫ్‌ఈలో 40 వేలు, తూకం పుస్తకంలో మరొకటి కనిపిస్తే తనిఖీకి వచ్చినవారు అక్కడే ఆగుతారు.

పర్యావరణ అనుమతి తీసుకున్న కేంద్రాలు షరతుల అమలు నివేదికను ఏటా జూన్ 1, డిసెంబరు 1 తేదీల్లో సమర్పించాలి. మీ సీఎఫ్‌ఓలో గడువు రాసి ఉంటే అది ముగియకముందే పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టాలి. ఆ తేదీలను ఖాతాలు రాసే మనిషికే అప్పగించండి, ఎందుకంటే తూకం పుస్తకం కూడా ఆయన దగ్గరే ఉంటుంది.